గాలిలోని తేమ – తరగతిగదిలోని బూజు

వానకాలము వచ్చునప్పటికి పాఠశాలలలో గోడపటముల వెనుకను, బీరువాలలోని పుస్తకముల అట్టలమీదను బూజు పట్టుట మనమందర మెరిగినదే. బూజు శిలీంధ్రజాతికి చెందినది. దాని బీజములు గాలిలో ఎల్లప్పుడును తేలుచునే యుండును. వానిని పూర్తిగా తొలగించుట అసాధ్యము. కాని తేమ లేనిదే అవి మొలకెత్తవు. కావున బూజును అరికట్టుట యనగా తేమను అదుపులో నుంచుటయే. అందుకు ముందు తేమను కొలువ నేర్వవలెను.

1751లో ఫ్రెంచి వైద్యుడు షార్ల్ లెరోయ్, నీటిలో ఉప్పు కరగినట్లు గాలిలో నీరు కరగి యుండునని తలచెను. అతడు గాజుపాత్రలోని నీటిని మంచుగడ్డతో క్రమముగా చల్లార్చి, పాత్ర వెలుపల ఏ ఉష్ణోగ్రతవద్ద చెమర్చునో గుర్తించెను. తుషారస్థాన మనునది ఇదియే. 1783లో జినీవా శాస్త్రజ్ఞుడు సొస్యూర్ జిడ్డు పోగొట్టిన తలవెండ్రుక తేమలో సాగి, పొడిగాలిలో కుదించుకొను గుణము నాధారముగా గొని నిర్మించిన ఆర్ద్రతామాపకమును వర్ణించెను. 1801లో ఇంగ్లండున జాన్ డాల్టన్ లెరోయ్ భావనను సవరించెను. ఆవిరిని గాలి కరగించుకొనుట లేదు. ఒక చోట ఎంత ఆవిరి నిలువగలదో నిర్ణయించునది ఉష్ణోగ్రతయే.

ఈ సూత్రమునందే మన సమస్యకు కీలక మున్నది. ఒక ఘనమీటరు స్థలములో 0° సెంటీగ్రేడువద్ద సుమారు 5 గ్రాములు, 20° వద్ద 17 గ్రాములు, 30° వద్ద 30 గ్రాముల ఆవిరి మాత్రమే నిలువగలదు. చలిదేశములలో శీతకాలమున కిటికీ తెరచినచో, లోనికి వచ్చు చల్లగాలిలో ఆవిరి స్వల్పము. అది లోపల వేడెక్కగా గది పొడియగును. మన కోస్తాలో వానరోజున సంగతి వేరు. 30° వద్ద 80 శాతము సాపేక్ష ఆర్ద్రతగల గాలిలో ఘనమీటరునకు 24 గ్రాముల ఆవిరి యుండును. అది 25° గల గోడను తాకినచో అచ్చటనే నీరగును. బూజునకు నీరు కారనక్కరయు లేదు. గోడ నంటియున్న గాలిలో ఆర్ద్రత దినముల తరబడి 80 శాతమునకు పైబడి యున్న చాలును.

1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయమున తేమవలన కాగితము సాగి రంగులు చెదరుచుండగా, విల్లిస్ కారియర్ చల్లని గొట్టములమీదుగా గాలిని పంపి దానిలోని నీటిని తీయించెను. లెరోయ్ పాత్రపై జరిగినదే కారియర్ గొట్టములపైనను జరిగినది.

పాఠశాలలకు అంత యంత్రము అక్కరలేదు. 1825 ప్రాంతమున బెర్లిన్ ఉపాధ్యాయుడు ఆగస్ట్ రూపొందించిన తడి–పొడి ఉష్ణమాపకముల జత చాలును. విద్యార్థులు గది లోపలను, వెలుపలను కొలతలు తీసి, పట్టికల సాయమున తుషారస్థానములను లెక్కింపవచ్చును. వెలుపలిది తక్కువైననే కిటికీలు తెరువవలెను. కప్పు కారుట మాన్పించి, తడిగొడుగులను వరండాలో నుంచి, బీరువాలను గోడకు జానెడు ఎడముగా జరిపినచో, పుస్తకములతోపాటు పిల్లల ఊపిరితిత్తులకును మేలు చేకూరును.