రాయవేలూరు, గుడియాత్తం సీమలో మొద్దుబారిన చర్మం కథ



చిత్తూరులో బస్సెక్కి, కాట్పాడి మీదుగా రాయవేలూరు పెద్దాసుపత్రికి ఒక్కసారైనా వెళ్లిరాని ఇల్లు మన సరిహద్దు ఊళ్లలో అరుదు. గుండె జబ్బుకో, కిడ్నీ జబ్బుకో పోతాం, వచ్చి నలుగురికీ చెప్పుకుంటాం. కాట్పాడికి దగ్గర్లోనే కరిగిరి అని ఇంకో చోటుంది. అక్కడికి పోయివచ్చిన సంగతి మాత్రం వెనకటి తరంవాళ్లు ఎవరికీ చెప్పేవారు కారు. అది కుష్ఠు ఆసుపత్రి. మన చర్మాన్ని రోజూ మనం వాడుకునే తీరుకూ, దాని ఆరోగ్యానికీ ఉన్న సంబంధం గురించి లోకానికి కొత్త సంగతి తెలిసింది ఈ రెండు చోట్లనుంచే. ఇవాళ ఆ చరిత్ర చెప్పుకుందాం.

1911 దాకా చిత్తూరు, వేలూరు, గుడియాత్తం అన్నీ ఒకే ఉత్తర ఆర్కాడు జిల్లా. జిల్లా కచేరీ ఉండింది చిత్తూరులోనే. తర్వాత జిల్లాలు వేరయ్యాయి, రాష్ట్రాలు వేరయ్యాయి గానీ, జబ్బులకు ఎల్లలెక్కడివి? మనవాళ్లు దీన్ని పెద్దరోగం అన్నారు, తమిళులు పెరునోయ్ అన్నారు. భాష మారినా భయం ఒకటే.

1900లో వేలూరులో చిన్న దవాఖానా మొదలుపెట్టిన డాక్టర్ ఐడా స్కడర్, కొద్ది ఏళ్లకే గుడియాత్తం దారివెంట వెళ్లి చెట్ల నీడన వైద్యం చేయసాగారు. ఆ చెట్ల కిందికి కుష్ఠు రోగులూ వచ్చేవారు. పుండుకు మందు పూసి కట్టు కట్టడం మించి అప్పట్లో చేయగలిగింది తక్కువ. ఈ జబ్బు ఒక సూక్ష్మక్రిమి వల్ల వస్తుందని 1873లోనే నార్వే డాక్టర్ హాన్సెన్ కనిపెట్టాడు. 1940లలో డాప్సోన్ జాతి మందులు వచ్చి ఆ క్రిమిని అణచగలిగాయి. అయినా క్రిమి పోయినవాళ్ల వేళ్లు కూడా అరిగిపోతూనే ఉండేవి. అరికాలి పుండ్లు మానేవి కావు. రోగమే మాంసాన్ని తినేస్తోందని డాక్టర్లు కూడా నమ్మారు.

డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లిమలల్లో పుట్టాడు. లండనులో చదువుకుని 1946లో వేలూరు వచ్చాడు. చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమంలో డాక్టర్ కాక్రేన్ ఆయనకు రోగుల వంకరపోయిన చేతులు చూపించి, ఎముకల డాక్టర్లెవరూ వీటిని ఎందుకు పట్టించుకోరని అడిగాడట. ఆ ప్రశ్నే ఆయన దారి మార్చింది. చేతి నరాలు, కండరాలు పరీక్షించి స్నాయువులు మార్చే శస్త్రచికిత్సలు మొదలుపెట్టాడు. 1951లో వేలూరులో మట్టి గుడిసెలతో ఒక కేంద్రం కట్టారు. ఆపరేషన్ అయినవాళ్లు అక్కడే ఉండి వడ్రంగం నేర్చుకున్నారు, చెక్కబొమ్మలు చేశారు.

అసలు సంగతి బయటపడింది అక్కడే. తాళం తిరగకపోతే ఒక కుర్రవాడు ముందుకొచ్చి తాళంచెవిని గట్టిగా తిప్పేశాడని, చూస్తే వేలు ఎముక దాకా తెగి ఉందని, వాడికి తెలియనే తెలియదని బ్రాండ్ తన పుస్తకాల్లో రాశాడు. ఆ తర్వాత ప్రతి గాయానికీ కారణం వెతకడం అలవాటు చేశారు. కుండను వట్టి చేత్తో పొయ్యి మీదనుంచి దించడం, వేలి సందున బీడీ చివరిదాకా కాలడం, సుత్తి పిడిని అవసరానికి మించి బిగించి పట్టడం, చెప్పులో మేకు గుచ్చుకున్నా మైళ్లకొద్దీ నడవడం, ఇవన్నీ కనబడ్డాయి. ఒకరిద్దరికి మాత్రం రాత్రికి రాత్రే వేళ్లు ఎలా తగ్గాయో అంతుపట్టలేదు. కాపలా ఉండి చూస్తే, నిద్రలో ఎలుకలు కొరుకుతున్నాయి! నొప్పి లేదు గనుక మెలకువ రాదు. అప్పటినుంచి ఇంటికి పోయేవాళ్లకు పిల్లిని కూడా ఇచ్చి పంపేవారు.

అంటే వేళ్లను తిన్నది రోగం కాదు. రోగం నరాన్ని చంపి స్పర్శను తీసుకుపోయింది, మిగతాది రోజువారీ పనులు చేశాయి. ఇది తేలాక వైద్యం సగం రోగి చేతికే వచ్చింది.

స్పర్శతో పాటు చెమట కూడా పోతుంది. చెమట లేని చర్మం ఎండిన చెరువడుగులా బీటలువారుతుంది. ఆ బీటలోంచి చీము చేరుతుంది. అందుకని కరిగిరిలో నేర్పింది చాలా మామూలు పద్ధతి. రోజూ పాదాలను ఇరవై నిమిషాలు మామూలు నీళ్లలో నానబెట్టాలి. గరుకు రాయితో కాయలను మెల్లగా రుద్దాలి. తడి పూర్తిగా ఆరకముందే నూనె రాయాలి. మనవాళ్లు పొడికాలికి నూనె పట్టించి సరిపెట్టుకుంటారు. నూనె తనంతట తాను తడి ఇవ్వదు, ఉన్న తడిని పోకుండా పట్టి ఉంచుతుంది. ఈ చిన్న తేడాలోనే అంతా ఉంది. ఇక పడుకునే ముందు అరికాళ్లు చూసుకోవాలి. నొప్పి చెప్పని సంగతి కళ్లు చెప్పాలి గదా.

కరిగిరి కుష్ఠు పరిశోధన ఆసుపత్రి 1955లో వెలిసింది. చెప్పుల మీద అక్కడ జరిగిన కృషి ప్రత్యేకం. చుట్టూ ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట, అంతా తోళ్ల సీమ. అయినా మొద్దుబారిన పాదానికి తోలు అట్ట కాక మెత్తని స్పంజి రబ్బరు కావాల్సివచ్చింది. కింద పాత టైరు ముక్క, మధ్యన రబ్బరు. మేకులు ఉండకూడదు. మడమ వెనక పట్టీ తప్పనిసరి, ఎందుకంటే చెప్పు జారిపోయినా ఆ కాలికి తెలియదు. కానీ ఆ చెప్పు చూడగానే ఊళ్లోవాళ్లు 'ఓహో, వీళ్లకు అదే' అని పసిగట్టేవారు. అందుకని వాటిని ఇంట్లో దాచి, వట్టికాళ్లతో సంతకు పోయినవాళ్లు ఎందరో. చెప్పు మెత్తన కావడం సులువే, చూసేవాళ్ల మనసు కావడం కష్టమైంది.

1960లలో కరిగిరి కార్యకర్తలు గుడియాత్తం తాలూకాలో ఇల్లిల్లూ తిరిగి చర్మం పరీక్షించారు. మగ్గం నేసేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, అగ్గిపెట్టెల పనివాళ్లు ఎక్కువగా ఉన్న తాలూకా అది. చేతివేళ్లే కూడు పెట్టే ఊళ్లలో వేళ్లకు స్పర్శ పోతే ఏమవుతుందో వేరే చెప్పాలా? పెళ్లి కావలసిన పిల్ల వీపు మీది మచ్చను చూపించడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? అక్కడ దాచింది తర్వాత చేతివంకరగా బయటపడేది. ఆ భయం ఉత్తిది కాదు, కుష్ఠు ఉందన్న కారణంతో విడాకులు ఇచ్చే చట్టం 2019 దాకా ఈ దేశంలో అమలులో ఉంది.

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. ఆరు నెలలో, పన్నెండు నెలలో మాత్రలు మింగితే జబ్బు నయమవుతుంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. 2005 డిసెంబరులో దేశం మొత్తం మీద పదివేలమందికి ఒక కేసుకన్నా తక్కువకు వచ్చింది. జబ్బు పోయిందని దానికి అర్థం కాదు. లోకంలో కొత్త కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోనివే. పాలిపోయిన మచ్చ గాని, ఎర్రమచ్చ గాని ఉండి, అక్కడ స్పర్శ లేకపోతే దురద లేదు, నొప్పి లేదు అని ఊరుకోకండి. నొప్పి లేకపోవడమే అక్కడ గుర్తు.

బ్రాండ్ 1966లో అమెరికా వెళ్లి, ఇదే పాదాల విద్యను చక్కెర జబ్బువాళ్లకు వర్తింపజేశాడు. చక్కెర జబ్బులోనూ పాదాల నరాలు మొద్దుబారతాయి గదా. 2003లో ఆయన చనిపోయాడు. కుష్ఠు రోగులు దాచిపెట్టుకున్న ఆ స్పంజి రబ్బరు చెప్పే ఇప్పుడు చక్కెర జబ్బువాళ్ల కోసం డాక్టరు చీటీ మీద రాస్తున్నారు. అంగళ్లలో రంగురంగులవి దొరుకుతున్నాయి.