పత్తి మండి ప్రక్కన పూటకూళ్లు

పత్తి దిగుబడి కాలమున, తెల్లవారక మునుపే, ఆదోని మార్కెట్టు యార్డు ముందర ట్రాక్టర్లును లారీలును బారులు తీరి నిలుచును. హొళగుంద, కౌతాళము, ఆస్పరి ప్రాంతములనుండి రాత్రంతయు మేలుకొని వచ్చిన రైతులు, సరుకు దింపక మునుపే, దీపము వెలిగిన మొదటి హోటలు వైపు నడతురు. అక్కడ వారి కొరకు వేచియుండునది ఇడ్లీ కాదు, ఉగ్గాని.

ఉగ్గానికి కావలసిన సంభారము స్వల్పము; నేర్పు మాత్రము స్వల్పము కాదు. బొరుగులను నీటిలో వేసి, ముద్దగాక మునుపే రెండు చేతుల నడుమ నొక్కి పిండవలెను. ఆలస్యమైనచో పిండి యగును, తొందరపడినచో లోపలి పొడితనము పంటికి తగులును. వెడల్పాటి బాణలిలో చెనిక్కాయనూనె కాగి ఆవాలు చిటపటలాడగా, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, సన్నగా తరిగిన ఎర్రగడ్డలు, పసుపు వేసి, అవి మగ్గిన పిదప బొరుగులు కలిపి, పుట్నాలపొడి చల్లి, నిమ్మకాయ పిండి దింపుదురు. ప్రక్కన మిరపకాయ బజ్జీ లేనిదే ఈ సీమలో ఉగ్గాని లేదు. కన్నడమున ఒగ్గరణె యనగా తాలింపు. బళ్లారివారు ఇదే వంటకమును మండక్కి ఒగ్గరణె యందురు. మన ఉగ్గాని ఆ మాటకు తోబుట్టువని నా నమ్మకము. ఒక బల్లమీద రైతు, హమాలీ, కమీషను దుకాణపు గుమాస్తా ప్రక్కప్రక్కన కూర్చుండి, ఒకే బాణలిలోని దానిని తినుట నేను చూచినప్పుడెల్ల, ఆ బల్ల ఇంత దూరము వచ్చుటకు పట్టిన కాలము నాకు జ్ఞప్తికి వచ్చును.

అన్నమును అమ్ముకొనుట పాపమని తలచిన సమాజమున, అన్నము అమ్మెడి యిండ్లు పూర్వమునుండియు ఉండనే యున్నవి. కాకతీయుల ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామమున ఒక బ్రాహ్మణుని పూటకూటి యింట, ఒక్క రూకకే షడ్రసోపేతమైన భోజనము లభించిన ప్రస్తావన కలదు. గురజాడవారి కన్యాశుల్కము చదివినవారు పూటకూళ్లమ్మను మరువలేరు. ఇవి భోజనశాలలు కావు, గృహములే. అతిథి వెల యిచ్చి తినెడివాడు, అంతియే భేదము. వండువారు బ్రాహ్మణులైనచో అన్ని కులములవారును ఆ యన్నమును ముట్టవచ్చును. కాని అన్ని కులములవారును ఆ యింట అడుగిడలేరు. శాకాహార భోజనశాలకు మూలమందున్న యీ నియమమును గ్రహింపనిదే దాని తరువాతి చరిత్ర బోధపడదు. మన దేశమున ఆ భోజనశాల భూతదయవలన కంటె పంక్తిభేదమువలననే మొదట పుట్టినది.

ఆదవాని యని పూర్వులు పిలిచిన ఈ పట్టణము విజయనగర ప్రభువులకు దుర్గమై, పిదప బిజాపురము వారి చేతికి వచ్చి, సిద్ది మసూదుఖాను ఏలుబడిని చూచి, నిజాము సోదరుడు బసాలతుజంగునకు నివాసమై, 1800లో దత్తమండలములతో పాటు ఆంగ్లేయుల వశమైనది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించు వరకును ఇది బళ్లారి జిల్లాలోని తాలూకా కేంద్రము. తెలుగును కన్నడమును ఉర్దువును కలగలుపుకొని మాటలాడు ఈ వీధులలో వంటయు అట్లే కలగలిసినది. అయినను ఇక్కడ హోటళ్లు పుట్టుటకు కోట కారణము కాదు, రైలు కారణము. మదరాసునుండి వాయవ్యముగా సాగిన రైలుమార్గము గుంతకల్లు, ఆదోనిల మీదుగా 1871లో రాయచూరు చేరి, బొంబాయినుండి వచ్చిన మార్గముతో కలిసెను. నల్లరేగడిలో పండిన పత్తికి ఒక్కమారుగా రెండు మహానగరముల త్రోవలు తెరచుకొన్నవి. జిన్నింగు మిల్లులు వెలసినవి, నూనెమిల్లులు వెలసినవి, ఊరికి రెండవ బొంబాయి యను పేరు వచ్చినది.

పత్తిని పండించినవారిలో మాంసాహారులే అధికులు. కాని పత్తిని కొన్నవారో? ఆర్యవైశ్యులు, లింగాయతులు, మారువాడీలు. చెల్లింపు గల్లాపెట్టె యెవరి చేతనుండునో, ఆ చేతికి సరిపడు భోజనమే మండి ప్రక్కన నిలుచును. శాకాహారులు బహుసంఖ్యాకులు కాని సీమలో శాకాహార హోటలు వేళ్లూనుటకు ఇంతకంటె సూటియైన హేతువు నాకు తోచదు. బళ్లారి, రాయచూరు దిక్కున లింగాయతు ఖానావళులు జొన్నరొట్టె, కాళుపల్యము (పప్పుగింజల కూర) పెట్టి వర్తకులను పోషించినట్లే, తీరమునుండి వచ్చిన ఉడుపి వంటవారు ఇడ్లీ, దోసె, కాఫీలతో దక్షిణదేశపు ప్రతి రైలుపట్టణమునకును ప్రాకిరి. 1924లో బెంగుళూరున మావళ్లి టిఫిన్ రూమ్సును నెలకొల్పిన మయ్యా సోదరులు ఆ ప్రాంతమువారే. 1938లో మదరాసున వుడ్‌లాండ్సు హోటలును తెరచిన కె. కృష్ణారావును అక్కడివాడే.

ఉడుపివారికి మన సీమ పరాయిది కాదు. ఆదోనికి చేరువనే తుంగభద్ర యొడ్డున మంత్రాలయమున, 1671లో రాఘవేంద్రస్వామి సజీవముగా బృందావన ప్రవేశము చేసిరి. ఆ గ్రామమును దానమిచ్చినది ఆదవాని పాలకుడైన మసూదుఖానే యని మఠసంప్రదాయము చెప్పును. ఉడుపియు మంత్రాలయమును మధ్వమతమునకు రెండు కన్నుల వంటివి. ఉల్లి వెల్లుల్లి లేని మడివంట, ఏకాదశినాటి నిరాహారము, ద్వాదశినాటి పారణ, ఇవన్నియు ఇరుచోటులను ఒక్కటే. గురువారములందును శ్రావణమాసపు ఆరాధన నాడును మంత్రాలయము దారిలో సాగెడి యాత్రికులు ఉల్లిలేని సాంబారు ఏ హోటలునందు దొరకునో విచారించుట నేటికిని వినవచ్చును.

ఈ మధురస్మృతుల నడుమ ఒక చేదు విషయమును దాచి వ్రాయుట అసత్యమగును. దక్షిణదేశపు రైల్వే స్టేషనులలో బ్రాహ్మణులకు వేరుగ భోజనపు గది యుండెడిది. పట్టణపు కాఫీ హోటళ్లలో తెరచాటున వేరు గదులు, బయట అరుగు, అరుగు దాటరానివారికి దూరమునుండి పోసెడి నీరు. ఇవి ఊహలు కావు, మన పెద్దలు కన్నవి, పలువురు అనుభవించినవి. రాజ్యాంగము 1950లో పదునైదవ అధికరణముతో హోటళ్లను, భోజనశాలలను అందరికిని తెరచెను. 1955నాటి అస్పృశ్యతా నేరముల చట్టము ఆ ద్వారమును మూయువానికి శిక్ష విధించెను. అయినను 1957లో మదరాసులోని మురళీ కేఫు ముందర, బోర్డుమీది ‘బ్రాహ్మణ’ పదమును తొలగింపుమని పెరియారు అనుచరులు దినములతరబడి సత్యాగ్రహము చేయవలసి వచ్చెను. పల్లెటూళ్ల టీ దుకాణములలో రెండు గ్లాసుల పద్ధతి అటు పిమ్మటను చిరకాలము నిలిచినది. చట్టము చేయజాలని పనిలో కొంత భాగమును మండి చేసెనని నా యభిప్రాయము: పత్తి తెచ్చిన రైతును అలిగించి పంపిన వర్తకునికి మరునాటి సరుకు లేదు, ఆ వర్తకుని ప్రక్క హోటలువానికి మరునాటి బేరము లేదు.

వరి అన్నమును గూర్చి ఒక మాట. ఈ మెట్టసీమలో నిత్యాహారము జొన్నలు, కొర్రలు. వరి పండుగనాటిది, చుట్టము వచ్చిననాటిది. కావున మండికి వచ్చిన రైతునకు హోటలు భోజనమనగా విస్తరాకు నిండ తెల్లని అన్నము, దానిమీద పప్పు, చారు, మజ్జిగ. అదియే ఆనాటి పండుగ. తుంగభద్ర దిగువ కాలువ కొన్ని పొలములకు నీరు తెచ్చిన తరువాతను, 1983లో రెండు రూపాయల బియ్యము ఇంటింటికి వచ్చిన తరువాతను ఆ మోజు మెల్లగ చల్లారినది.

చేరువనున్న ఎమ్మిగనూరు కథ కొంత వేరు. అక్కడ పెట్టుబడిదారు మారువాడీ కాదు, మగ్గము. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన చేనేత సహకార సంఘము ఆ యూరికి పేరును కూడును తెచ్చినది. ఆయనకు 1954లో పద్మశ్రీ లభించెను. నేతవారిలో లింగధారులగు కుటుంబములు కలవు. గుంతమగ్గములో కాళ్లు పెట్టి ప్రొద్దుటినుండి కూర్చున్నవాడు లేచిన వేళ టీ, బొరుగులు, బజ్జీ కోరుట సహజము. పుష్యమాసమున నీలకంఠేశ్వరుని జాతర సాగినన్నాళ్లు, పశువుల సంత ప్రక్కన లేచెడి తాత్కాలికపు పందిళ్లలో వేగెడి బజ్జీల వాసన ఊరి పొలిమేరనే పలుకరించును.

శాకాహారులలోను పాలు, నెయ్యి సైతము విడిచినవారికి ‘వీగన్’ అను మాటను 1944లో ఇంగ్లండున డొనాల్డ్ వాట్సన్ అను నతడు కూర్చెను. నేడు నగరములలో ఆ పేరున ప్రత్యేక భోజనశాలలు వెలయుచున్నవి. ఆ మాట యెరుగని మన చేలగట్లమీద జొన్నరొట్టె, గురెల్లపొడి, ఎర్రగడ్డ, వంకాయకూర తరతరములుగ ఆ యాహారమే. కాని అది వ్రతము కాదు, లేమి. ఆ రెంటిని ఒక్కటిగ పొగడుట పేదవానికి చేయు అన్యాయము. మజ్జిగ దొరికిన దినమున అతడు సంతోషముతో త్రాగెడివాడు.

ఇప్పుడు సాయంకాలము ఆదోని వీధులలో నడచినచో, పెద్ద హోటళ్ల ముందర ‘జొన్నరొట్టె దొరకును’ అను పలకలు కనబడును. తాత వరియన్నమునకై ఎక్కిన మెట్లనే మనుమడు జొన్నరొట్టెకై ఎక్కుచున్నాడు. లోపల ఒక యమ్మ ఉడుకునీటితో పిండిని మర్దించి, రెండరచేతులతో తట్టి, పెనముపై వేసి, పైన తడిచేతితో రాచి, తిరుగవేసి, నిప్పులమీద పొంగించి, ఒక్కొక్కటిగ పంపుచుండును. ఆ రొట్టెను చల్లారక మునుపే తినవలెను గనుక, బల్లచుట్టు కూర్చున్నవారు కొంత సేపు మాటలాడరు.