సీతాకోకచిలుక నుంచి మోదుగ పువ్వు దాకా

పురుగులు బురదలోంచి, కుళ్లులోంచి వాటంతటవే పుడతాయని యూరప్‌లో చాలామంది నమ్మే రోజుల్లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో పదమూడేళ్ల పిల్ల ఒకతె పట్టుపురుగులు పెంచుతూ రోజూ వాటిని గమనించేది. పేరు మరియా సిబిల్లా మెరియన్, పుట్టింది 1647లో. బొమ్మలు నేర్పింది సవతి తండ్రి, పూల చిత్రకారుడు యాకోబ్ మారెల్. అప్పటి పూలగుత్తుల చిత్రాల్లోనూ పురుగులు ఉండేవి, కాకపోతే అలంకారానికి. ఈమెకు అవే అసలు సంగతి. 1679లో అచ్చయిన ఆమె గొంగళిపురుగుల పుస్తకం తెరిస్తే గొంగళి, ప్యూపా, రెక్కలొచ్చిన చిలుక అన్నీ ఒకే పుటలో, ఆ పురుగు మేసే మొక్క మీదే కనిపిస్తాయి. కొరికిన ఆకుల చిల్లులు కూడా వదల్లేదు.

1699లో, యాభై దాటిన వయసులో, చిన్న కూతురిని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని డచ్ వలస సురినామ్‌కు ఓడెక్కింది. జబ్బుచేసి రెండేళ్లకే తిరిగొచ్చినా, 1705లో 60 చిత్రాల పుస్తకం తెచ్చింది. మన పెరళ్లలో పూసే రత్నగంధి అందులో ఉంది. డచ్ యజమానుల చేతిలో నలిగే బానిస స్త్రీలు, తమకు పుట్టేవాళ్లూ బానిసలు కాకూడదని ఈ గింజలతో గర్భం పోగొట్టుకుంటారనీ, ఆ మాట తనతో వాళ్లే అన్నారనీ పక్కన రాసింది. వృక్షశాస్త్ర గ్రంథాల్లో ఇలాంటి వాక్యం అరుదు. పిట్టను తినే సాలీడు బొమ్మను మాత్రం తర్వాతి పండితులు కట్టుకథని ఎగతాళి చేశారు. అయితే అమెజాన్ ప్రాంతంలో అలాంటి సాలీడును చూశానని ఇంగ్లిష్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు హెన్రీ బేట్స్ 1863 నాటి పుస్తకంలో రాశాడు.

మొక్కలను తరగతులుగా విడగొట్టిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ తన గ్రంథాల్లో మెరియన్ బొమ్మలను ఆధారంగా చూపాడు. అయితే బొమ్మ తీరును మార్చిందీ ఆయన పద్ధతే. కేసరాలు లెక్కపెట్టి మొక్కను ఒక తరగతిలో చేర్చాలంటే పువ్వును విప్పి చూపాలి. దాంతో పురుగు కాగితం మీంచి తప్పుకుంది. శాస్త్రానికి మేలే జరిగింది, చూపు మాత్రం ఇరుకైందని నాకనిపిస్తుంది.

ఆ కొత్త తీరు మన సామర్లకోటకూ వచ్చింది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781లో అక్కడ చేరి, మిరియాల తోట వేయించి, మన దేశపు చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. పైన కొమ్మ, కింద వరసగా విప్పిన పూరేకులు, కేసరాలు, కాయ. వాటిలో 300 బొమ్మలు 1795 నుంచి 1820 దాకా లండన్‌లో కోరమాండల్ తీరపు మొక్కల పేరిట మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. చాలా మొక్కలకు తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. మొదటి సంపుటంలోని మోదుగకు బ్యూటియా అనే శాస్త్రనామం బ్రిటన్ మాజీ ప్రధాని బ్యూట్ ప్రభువు మీదుగా దక్కింది. బొమ్మ గీసినవాడి పేరు మాత్రం ఏ పుటలోనూ లేదు.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానానికి అధిపతిగా వెళ్లాక కూడా ఈ పని ఆగలేదు. మొత్తం రెండున్నర వేలకు పైగా బొమ్మలు తయారయ్యాయి. ఒక ప్రతి కలకత్తాలో, ఇంకొకటి లండన్‌లోని క్యూ ఉద్యానంలో ఉన్నాయి. ఎండబెట్టిన నమూనా దొరకని చోట, రాక్స్‌బర్గ్ పేరు పెట్టిన మొక్క ఏదో తేల్చడానికి వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాటినే ముందేసుకుంటారు.