అతుకు నిలిచిన నాటి నుంచి: బ్యాండ్‌సా చరిత్ర

ఒక అంచున పళ్లు తీర్చిన ఉక్కు పట్టీని కొసలు కలిపి అతికి, పైనొకటి కిందొకటిగా అమర్చిన రెండు చక్రాల మీద బిగించి తిప్పుతూ, ఆ పట్టీతో కలపను కోసే యంత్రమే బ్యాండ్‌సా. తెలుగునాట టింబరు డిపోలలో దుంగలను పలకలుగా చీల్చే ఎత్తైన యంత్రమూ, ఇంటి పనిశాలలో ఒక మూల ఇమిడిపోయే చిన్న యంత్రమూ సూత్రరీత్యా ఒకటే. చిన్నదాన్ని కొనదలచినవారికి ఎదురయ్యే చక్రం ఎంత ఉండాలి, ఫ్రేము ఎంత గట్టిగా ఉండాలి, ఎంత వెడల్పు బ్లేడు పడుతుంది అన్న ప్రశ్నలన్నీ రెండు శతాబ్దాల క్రితమే పుట్టి, కార్ఖానాలలో ఒక్కొక్కటిగా తేలినవి కనుక, ఈ యంత్రం ఎంపిక దాని చరిత్రతో గట్టిగా ముడిపడి ఉంది.

బ్యాండ్‌సాకు ముందు ఐరోపా కోత మిల్లులు నీటి బలంతోనో గాలి బలంతోనో పైకీ కిందికీ ఆడే రంపాలతో నడిచేవి. అలాంటి రంపం ఒక దిక్కుకు కదిలేటప్పుడే కలపను కోస్తుంది, తిరుగు కదలికలో సగం కాలం వృథా అవుతుంది. ఇంగ్లండులో శామ్యూల్ మిల్లర్ 1777లో పేటెంటు పొందిన గుండ్రటి రంపం ఆ లోటును తీర్చినా మరో లోటును తెచ్చిపెట్టింది. లావాటి దుంగను కోయాలంటే పెద్ద రంపం కావాలి, పెద్ద రంపం వణకకుండా తిరగాలంటే దాని రేకు మందంగా ఉండాలి, రేకు మందమైన కొద్దీ కోతలో పొట్టయ్యే కలప పెరుగుతుంది. కోతకు పావు అంగుళం పొట్టుగా పోతే, అంగుళం పలకలు తీసేటప్పుడు ప్రతి నాలుగు కోతలకు ఒక పలకంత కలప నేలపాలైనట్టే. పలుచని రంపం ఆగకుండా ఒకే దిక్కుకు సాగడం ఎలాగన్న ఆలోచన ఈ నష్టం నుంచే బలపడింది.

ఆ ఆలోచనకు లండనుకు చెందిన విలియం న్యూబెరీ 1809 నాటికే పేటెంటు పొందాడు. యంత్రం కాగితం మీద సరిగానే ఉన్నా పనిలో నిలవలేదు. చక్రం మీదికి ఎక్కిన ప్రతిసారీ పట్టీ వంగుతుంది, దిగి కోతకు వచ్చేసరికి మళ్లీ నిటారవుతుంది. నిమిషానికి వందల సార్లు జరిగే ఈ వంపును ఆనాటి ఉక్కు ఓర్చుకోలేకపోయింది. అంతకన్నా బలహీనమైన చోటు అతుకు. అక్కడ పట్టీ మిగతా భాగం కన్నా కొంచెం మందంగా ఉన్నా, కొంచెం పెళుసుగా ఉన్నా, వంపు భారమంతా ఆ ఒక్క చోటికే చేరి పట్టీ తెగిపోయేది. పనిలో ఉన్న పట్టీ తెగడం పక్కన నిలబడ్డ మనిషికి ప్రమాదం కూడా. అందువల్ల ఈ యంత్రం దాదాపు నాలుగు దశాబ్దాల పాటు పనికి ఎక్కకుండానే ఉండిపోయింది.

ఆ చిక్కును విప్పినది ఫ్రాన్సుకు చెందిన ఆన్ పొలీన్ క్రెపిన్ అనే మహిళ. పట్టీ కొసలను నిలకడగా అతికే పద్ధతికి ఆమె 1846లో పేటెంటు పొందగా, పారిస్‌లోని పెరిన్ సంస్థ దాన్ని చేపట్టి, మేలైన ఉక్కునూ, ఆ ఉక్కును కాచి చల్లార్చి సాగే గుణం పోకుండా గట్టిపరిచే పదును పద్ధతినీ జతచేసి, రోజువారీ పనికి తట్టుకునే బ్లేడును తయారుచేసింది. గ్రంథాలలో న్యూబెరీ పేరే ముందు వస్తుంది గాని, బ్యాండ్‌సా నిజంగా పనిముట్టైనది క్రెపిన్ అతుకుతోనే. ఆమెకు దక్కవలసినంత పేరు దక్కలేదనడం న్యాయం.

ఆ తరువాత కథ వేగంగా సాగింది. కుర్చీల వంపుల కోతకు ఫర్నిచర్ కార్ఖానాలూ, వంపు దూలాల కోతకు ఓడల తయారీ శాలలూ ఈ యంత్రాన్ని తెచ్చుకున్నాయి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఫోర్ట్ వేన్‌కు చెందిన జేకబ్ హాఫ్‌మన్ 1869లో దుంగలను కోసే పెద్ద బ్యాండ్ మిల్లుకు పేటెంటు పొందాడు. బ్లేడు మందం చక్రం వ్యాసంలో వెయ్యో వంతుకు మించకుండా చూసుకోవాలన్న లెక్క పెద్ద మిల్లులలో స్థిరపడింది. చక్రం చిన్నదైన కొద్దీ పట్టీ ఎక్కువగా వంగి త్వరగా అలసిపోతుందన్నదే దాని భావం. చక్రాల అంచుకు రబ్బరు పట్టా తొడిగి, దాని నడుమ భాగాన్ని స్వల్పంగా ఉబ్బెత్తుగా ఉంచితే, పట్టీ జారిపోకుండా తనంతట తానే నడిమికి చేరుతుంది. ఆ ఏర్పాటు నేటి చిన్న యంత్రాలలోనూ కనిపిస్తుంది.

యంత్రం ఇంటికి చేరడానికి చిన్న విద్యుత్ మోటారు రావలసి వచ్చింది. అమెరికాలోని మిల్వాకీలో హెర్బర్ట్ టాట్జ్ 1919లో స్థాపించిన డెల్టా సంస్థ 1930ల దశకంలో తెచ్చిన 14 అంగుళాల చక్రాల బ్యాండ్‌సా ఇంటి పనిశాలకు కొలమానంగా నిలిచిపోయింది. పోత ఇనుముతో పై సగం, కింది సగం విడివిడిగా పోసి బోల్టులతో బిగించిన దాని ఫ్రేము మధ్య ఆరంగుళాల దిమ్మె చేర్చితే, కోయగలిగే ఎత్తు ఆరు నుంచి పన్నెండు అంగుళాలకు పెరుగుతుంది. తైవాన్ కార్ఖానాలు తరువాతి కాలంలో ఈ నమూనానే విరివిగా అనుకరించాయి. చేతిపని మీద మమకారంతో పనిచేసిన కళాకారులు కూడా దీన్ని తమదిగా చేసుకున్నారు: సామ్ మలూఫ్ కుర్చీ చేతుల వంపులను దీనిమీదే ఒట్టి చేతులతో తిప్పుతూ తీర్చేవాడు, జేమ్స్ క్రెనోవ్ బీరువాలకు కావలసిన పలుచని రేకులను దీనితోనే చీల్చుకునేవాడు.

అయితే ఎత్తు పెంచిన యంత్రానికి ఆ మేరకు బలం పెరగదు. సాధారణ కార్బన్ ఉక్కు బ్లేడును చదరపు అంగుళానికి సుమారు 15,000 పౌండ్ల బిగువున నిలపాలంటారు. అర అంగుళం వెడల్పు, అంగుళంలో వెయ్యింట పాతిక వంతుల మందం ఉన్న బ్లేడుకు ఆ బిగువు ఇవ్వాలంటే, పట్టీ రెండు వైపులూ కలిసి పై చక్రాన్ని సుమారు 375 పౌండ్ల, అంటే 170 కిలోల బలంతో కిందికి లాగుతాయి. ముప్పావు అంగుళం బ్లేడుకు అదే లెక్క 255 కిలోలకు చేరుతుంది. ఆ లాగుడుకు ఫ్రేము వంగితే బ్లేడు వదులై, కోత నడుమ పొట్టలా ఉబ్బి, పలక ఒకచోట మందంగా, ఒకచోట పలుచగా వస్తుంది. ఇటలీ తయారీదారులు ఉక్కు పలకలను వెల్డింగు చేసి పెట్టెలా కట్టిన ఫ్రేముకు పేరుపొందినదీ, ఇంటి యంత్రాలు కూడా క్రమంగా ఆ దారి పట్టినదీ ఇందుకే.

కొనేవారు హార్స్‌పవర్ అంకె చూడక ముందే తాము చేయబోయే పని ఏదో తేల్చుకోవాలి. బొమ్మలు, కుర్చీ భాగాలు, వంపు తిరిగిన చట్రాలు కోసేవారికి పావు అంగుళం బ్లేడు సుమారు అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతుల వ్యాసార్ధం దాకా తిరుగుతుంది కనుక, 14 అంగుళాల పోత ఇనుప యంత్రం చాలినంత మంచిది. లావాటి టేకు ముక్కలను పలకలుగా చీల్చడమే ముఖ్యమైతే, దిమ్మె చేర్చి ఎత్తు పెంచిన పాత నమూనా కన్నా, ముప్పావు అంగుళం బ్లేడును పూర్తి బిగువున నిలపగల ఉక్కు ఫ్రేము యంత్రానికి కొంత ఎక్కువ డబ్బు పెట్టడమే మేలు.