సభ్యుల పట్టికకు ప్రైమరీ కీగా ఏది పెట్టాలి?

పట్టికలో ఒక వరుసను మిగతా వరుసల నుంచి వేరుగా గుర్తించే కాలమ్‌ను ప్రైమరీ కీ అంటారు. అది ఖాళీగా ఉండకూడదు, రెండో వరుసలో మళ్లీ రాకూడదు. మనం ఏమీ చెప్పకపోతే జాంగో, రైల్స్ వంటి ఫ్రేమ్‌వర్క్‌లు ‘ఐడీ’ అనే కాలమ్‌ను తామే చేర్చి 1, 2, 3 అని నంబర్లు వేసుకుంటాయి. అది వద్దని మనం వేరే కాలమ్‌ను ఎంచుకుంటే అది కస్టమ్ ప్రైమరీ కీ.

సంఘం సభ్యుల జాబితాను వెబ్‌సైటుకు ఎక్కించేవారికి మొదట తట్టేది పేరు. హోసూరులోనో కృష్ణగిరిలోనో అది నిలవదు. తమిళనాడులో ఇంటిపేరు బదులు తండ్రి పేరు మొదటి అక్షరం రాయడం వాడుక. సంఘం పుస్తకంలో ఇంటిపేరుతో ఉన్న మనిషే కార్డులో ఇనీషియల్‌తో ఉంటాడు, ఒక్కరికే రెండు వరుసలు పడతాయి. ఫోన్ నంబరు ఇంటిల్లిపాదికీ ఒకటే కావచ్చు, మారిపోనూవచ్చు. ఆధార్ ఊసే వద్దు. కీ అన్నది చందాల పట్టికలోకి, చివరికి బ్రౌజర్ అడ్రసులోకీ పాకుతుంది. ఆధార్ నంబరును బహిరంగంగా పెట్టడానికి చట్టం ఒప్పుకోదు.

కీ మారితే వచ్చే చిక్కు చూడండి. జాంగోలో ఫోన్ నంబరును కీగా పెట్టి, ఒక సభ్యుడి నంబరు మార్చి సేవ్ చేస్తే పాత వరుస మారదు. కొత్త నంబరుతో ఇంకో వరుస పుడుతుంది. ఆయన కట్టిన చందాలన్నీ పాత వరుసకే అతుక్కుని ఉంటాయి. ఎర్రర్ ఏదీ రాదు కాబట్టి లెక్కలు చూసే రోజుదాకా ఎవరికీ తెలియదు.

రసీదు పుస్తకాల్లోని పాత సభ్యత్వ నంబరు మాత్రం ఆలోచించదగ్గదే. ‘0042’ అని రాసి ఉంటే సంఖ్యగా కాక అక్షరాలుగా దాచాలి, లేకుంటే ముందు సున్నాలు పోతాయి. జాంగోలో ఆ ఫీల్డుకు ప్రైమరీ కీ ‘ట్రూ’ అని రాస్తే చాలు. రైల్స్‌లోనైతే మైగ్రేషన్‌లో కీ పేరుతోపాటు రకమూ చెప్పాలి. అయినా నా మాట అడిగితే, ఐడీని అలాగే ఉంచి సభ్యత్వ నంబరుకు యూనిక్ నిబంధన పెట్టడమే మేలు. టైపు చేసేటప్పుడు తప్పు పడినా ఒక్కచోట దిద్దితే సరిపోతుంది.

అడ్రసులో 12ను 13గా మార్చి పక్కవారి వివరాలు చూస్తారన్న భయముంటే 128 బిట్ల యూయూఐడీని కీగా పెట్టుకోవచ్చు. అంతమాత్రాన లాగిన్ తనిఖీ మానకూడదు.

ఇప్పటికే ఫోన్ నంబరు కీగా సైటు నడుస్తుంటే ముందు బ్యాకప్ తీసుకోండి. కొత్త ఐడీ కాలమ్ చేర్చి, దాన్నే చందాల పట్టికలోనూ నింపి, మొత్తాలు సరిచూసుకున్నాకే పాత కీని తీయండి.