క్యాజువల్: ఇస్నాపూర్ దారిలో వినబడే మాట

హైదరాబాద్-ముంబై రహదారి మీద ఇస్నాపూర్ చౌరస్తాలో దిగి పాశమైలారం కంపెనీలకు పోయే కార్మికుల నోట తరచు వినబడే మాట: "క్యాజువల్‌గ చేస్తున్న, ఇంకా పర్మనెంట్ కాలే."

'క్యాజువల్' అనే ఈ విశేషణం మూలం లాటిన్. 'కాడెరె' అంటే పడటం. దాన్నుంచి పుట్టిన 'కాసుస్' అంటే అనుకోకుండా వచ్చిపడేది. 14వ శతాబ్దం చివర ఇంగ్లీషులో చేరినప్పుడు 'క్యాజువల్'కు యాదృచ్ఛికమనే అర్థం. ఆ వేరుకే పుట్టింది 'క్యాజువాలిటీ'. అది ముందు ఆపదకు, తర్వాత యుద్ధంలో చనిపోయిన, గాయపడిన సైనికులకు పేరై, చివరికి మన ఆస్పత్రుల్లో అత్యవసర విభాగం గుమ్మం మీదికెక్కింది. తీరికగా, ఆడంబరం లేకుండా అనే అర్థం బాగా తర్వాతిది; బట్టలకు ఈ మాట తగిలింది 20వ శతాబ్దంలోనే.

కూలికి మాత్రం అంతకుముందే అంటుకుంది. లండన్ రేవుల్లో కూలీలు గేటు ముందు గుమిగూడితే మేస్త్రీ కొందరిని ఏరుకునేవాడు. గంట పని దొరకడమూ అదృష్టమే. 1889 సమ్మెలో వాళ్లు గంటకు ఆరు పెన్నీలతో పాటు, పిలిస్తే కనీసం నాలుగు గంటల పని ఇవ్వాలని అడిగారు.

మన చట్టాల్లోకి ఈ మాట బ్రిటిష్ పాలనలోనే వచ్చింది. యజమాని వ్యాపారంతో సంబంధం లేని పనికి పెట్టుకున్న క్యాజువల్ మనిషిని 1923 నాటి కార్మిక పరిహార చట్టం లెక్కలోంచి తప్పించింది. ఆ మినహాయింపు 2000 సవరణ దాకా పోలేదు. 1946 స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద కేంద్రం చేసిన నమూనా నిబంధనలు పర్మనెంట్, ప్రొబేషనర్, బద్లీ (రాని మనిషి బదులు చేసేవాడు) వంటి వర్గాలుగా కార్మికులను విభజించి, క్యాజువల్ దగ్గరికొచ్చేసరికి 'క్యాజువల్ స్వభావం గల పని చేసేవాడు' అని ఊరుకున్నాయి. ఎన్నాళ్లకు ఆ స్వభావం మారుతుందో ఆ నిర్వచనంలో లేదు. అక్కడే కార్మికుడికి అన్యాయం జరిగింది. మూడు షిఫ్టులూ నడిచే యంత్రం ముందు ఏళ్ల తరబడి నిలబడే మనిషి పని యాదృచ్ఛికం ఎలా అవుతుంది?

2025 జూన్ 30న పాశమైలారంలోని మందుల కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల వలస కార్మికులు. కొందరి శవాలను డీఎన్‌ఏ పరీక్షలతో గాని గుర్తించలేకపోయారు.

క్యాజువల్ అని పిలిచినంత మాత్రాన హక్కులు పోవు. మీ ఈఎస్‌ఐ, పీఎఫ్ నంబర్లు అడిగి రాసుకోండి, జీతం చీటీ దాచుకోండి, ఇలాంటి ప్రమాదం జరిగితే చేతికందేలా వాటి నకళ్లు ఊళ్లో ఇంటివాళ్లకూ పంపండి.