సైకిలుపై సరుకు రవాణా

సైకిలుపై సరుకు రవాణా అనగా మనుషుల ప్రయాణం కోసం తయారైన సైకిలును బరువులు మోయడానికి వినియోగించడం. పాల క్యాన్లు, కొబ్బరి బోండాలు, గ్యాస్ సిలిండర్లు, ప్లాస్టిక్ బిందెలు, బట్టల మూటలు, బొగ్గు బస్తాలు వంటివి భారతీయ నగరాలలో ఈ విధంగా ఒక చోటినుండి మరొక చోటికి చేరుతుంటాయి. ఇంధనం ఖర్చు లేకపోవడం, ఇరుకు సందులలోకి కూడా వెళ్ళగలగడం, తక్కువ పెట్టుబడితో జీవనోపాధి కల్పించడం దీని ప్రధాన సౌకర్యాలు. అయితే సైకిలుపై ఎంత బరువు తీసుకువెళ్ళవచ్చునన్నది సైకిలు దృఢత్వం కంటే రహదారి ఎత్తుపల్లాల మీద, ఆ రహదారిపై సైకిలుకు లభించే చోటు మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

1817లో జర్మనీకి చెందిన కార్ల్ ఫాన్ డ్రైస్ మాన్‌హైమ్ నగరంలో నడిపిన రెండు చక్రాల బండిని సైకిలుకు మూలరూపంగా భావిస్తారు. దానికి పెడళ్ళు లేవు. కాళ్ళతో నేలను తన్నుతూ నడిపేవారు. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారు చేసిన 'రోవర్' సైకిలులో రెండు చక్రాలు దాదాపు సమానంగా ఉండి, వెనుక చక్రం చైనుతో తిరిగేది. 1888లో జాన్ బాయిడ్ డన్లప్ గాలి టైరుకు పేటెంటు పొందాడు. ఈ రెండు మార్పుల తరువాతనే సైకిలు బరువులు మోయడానికి అనువైన వాహనమైంది.

బ్రిటనులో మాంసం, రొట్టెలు అమ్మే దుకాణదారులు ముందువైపు చిన్న చక్రం, దాని పైన పెద్ద బుట్ట గల సైకిళ్ళపై సరుకును ఇళ్ళకు పంపేవారు. డెన్మార్క్, నెదర్లాండ్స్ దేశాలలో ముందుభాగాన పెట్టె అమర్చిన సైకిళ్ళు వాడుకలోకి వచ్చాయి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత మోటారు వ్యాన్లు పెరగడంతో ఐరోపాలో ఇవి చాలావరకు తగ్గిపోయాయి.

భారతదేశానికి సైకిళ్ళు మొదట్లో ఎక్కువగా బ్రిటన్ నుండి దిగుమతి అయ్యేవి. స్వాతంత్ర్యానంతరం మద్రాసులో టి.ఐ. సైకిల్స్ (1949), సోనీపత్‌లో అట్లాస్ (1951), లూధియానాలో హీరో సైకిల్స్ (1956) స్థాపించబడ్డాయి. క్రమంగా సైకిలు సామాన్యునికి అందుబాటులోకి వచ్చి, చిల్లర వర్తకులకు ముఖ్యమైన సాధనమైంది.

సైకిలు నిర్మాణం

సరుకు మోయడానికి భారతదేశంలో ఎక్కువగా వాడేది 28 అంగుళాల చక్రాలు, ఉక్కు చట్రం, కడ్డీ బ్రేకులు గల సైకిలు. సైకిలే దాదాపు 20 కిలోల బరువుంటుంది. గేర్లు ఉండవు. విడిభాగాలు ఏ ఊరిలోనైనా దొరుకుతాయి, మరమ్మతు సులభం.

కొనుగోలు చేసిన సైకిలును వర్తకులు తమ అవసరానికి తగినట్లు మార్చుకుంటారు. వెనుక కేరేజీని తీసివేసి, వెల్డింగు చేయించిన వెడల్పాటి ఇనుప కేరేజీని బిగిస్తారు. ముందు ఫోర్కుకు అదనపు కడ్డీలు, చక్రాలకు మందమైన చువ్వలు వేయిస్తారు. నిలిపినప్పుడు బరువుకు పడిపోకుండా రెండు కాళ్ళ స్టాండు అమర్చుకుంటారు.

బరువు కట్టే పద్ధతి

సైకిలుపై బరువు కట్టడంలో పాటించే ముఖ్య సూత్రం కావడిదే. రెండు వైపులా బరువు సమానంగా ఉండాలి. పాలవారు కేరేజీకి ఇరువైపులా క్యాన్లు వేలాడదీయడం ఇందుకు ఉదాహరణ. బరువు ఎంత కిందికి ఉంటే సైకిలు అంత నిలకడగా ఉంటుంది. బరువంతా వెనుక చక్రం మీదనే పడితే ముందు చక్రం తేలి, హేండిలు అదుపు తప్పుతుంది. అందుచేత కొంత సరుకును చట్రం మధ్యలో గాని హేండిలుకు గాని కట్టడం పరిపాటి. కట్టడానికి పాత ట్యూబును నిలువుగా చీల్చిన రబ్బరు పట్టీలను వాడతారు. ఇవి సాగి బిగుసుకోవడం వలన గతుకులలో కూడా మూట జారదు.

బిందెలు, చాపలు, చీపుళ్ళ వంటి సరుకుల విషయంలో సమస్య బరువు కాదు, పరిమాణం. ఇటువంటి లోడు నడిపేవాని వెనుక చూపును కప్పివేస్తుంది. ఎదురుగాలిని పట్టుకుంటుంది. పక్కనుండి పెద్ద వాహనం వేగంగా పోయినప్పుడు ఆ గాలికి సైకిలు ఊగుతుంది. కడ్డీ బ్రేకుల రబ్బర్లు రిమ్ముకు ఒరుసుకొని సైకిలును ఆపుతాయి కనుక వానలో అవి సరిగా పట్టవు. బరువుతో ఉన్నప్పుడు ఇది మరింత ప్రమాదకరం.

ఎత్తుపల్లాల ప్రభావం

60 కిలోల మనిషి, 20 కిలోల సైకిలు, 100 కిలోల సరుకు కలిసి 180 కిలోలు అవుతాయి. చదునైన తారు రోడ్డుపై టైర్ల నిరోధం మొత్తం బరువులో నూరవ వంతు అనుకుంటే, ముందుకు సాగడానికి 1.8 కిలోల బలం సరిపోతుంది. గాలి నిరోధాన్ని మినహాయిస్తే, గంటకు 10 కిలోమీటర్ల వేగంతో నడపడానికి సుమారు 50 వాట్ల శక్తి చాలు. ఒక మనిషి గంటల తరబడి ఇవ్వగలిగిన శక్తి సుమారు 75 వాట్లు కాబట్టి ఇది సాధ్యమే.

నూరు మీటర్లకు మూడు మీటర్లు లేచే ఫ్లైఓవర్ మీద ఇదే సైకిలుకు అదనంగా 5.4 కిలోల బలం అవసరమవుతుంది. మొత్తం బలం 7.2 కిలోలు, అనగా నాలుగు రెట్లు. అదే వేగానికి సుమారు 200 వాట్లు కావాలి. ఈ కారణంగా చదునైన రోడ్డుపై తేలికగా సాగే వ్యక్తి వంతెన దగ్గర దిగి, వాహనాల మధ్య సైకిలును తోసుకుంటూ పోవలసి వస్తుంది.

మరీ ఎక్కువ బరువులను తొక్కడం మాని మొదటినుండి తోసుకుంటూనే పోతారు. 1954లో వియత్నాంలో జరిగిన దియెన్ బియెన్ ఫూ యుద్ధంలో ఈ పద్ధతి పేరు పొందింది. అక్కడ హేండిలుకు, సీటు గొట్టానికి వెదురు కర్రలు కట్టి, ఒక్కొక్క సైకిలుపై 200 కిలోలకు పైగా బియ్యం, మందుగుండు కొండదారులలో చేరవేశారు.

భారతీయ నగరాలలో

ముంబై డబ్బావాలాలు 1890 నుండి ఇళ్ళలో వండిన భోజనాన్ని కార్యాలయాలకు చేరవేస్తున్నారు. ఇంటినుండి స్టేషనుకు, స్టేషను నుండి కార్యాలయానికి సైకిలు, మధ్యలో లోకల్ రైలు వీరికి ఆధారం. 2020లో కోవిడ్ కారణంగా లోకల్ రైళ్ళు, కార్యాలయాలు మూతపడినప్పుడు వీరిలో అనేకులు ఉపాధి కోల్పోయారు.

ఝార్ఖండ్‌లో బొగ్గు గనుల పరిసరాల నుండి రాంచీ వంటి పట్టణాలకు సైకిళ్ళపై బొగ్గు తీసుకువెళ్ళేవారు ఉన్నారు. ఒక్కొక్కరు 200 కిలోలకు పైగా బొగ్గును బస్తాలలో నింపి, ఘాట్ రోడ్లపై తోసుకుంటూ పోతారు. ఈ బొగ్గు సేకరణకు చట్టబద్ధత లేనందున కష్టానికి తోడు పట్టుబడే భయం కూడా వీరిని వెన్నాడుతూ ఉంటుంది.

తెలుగు ప్రాంతాలలో పుల్ల ఐసు, గోలీసోడా, కల్లు, చేపలు, అరటి గెలలు అమ్మేవారు, కత్తులకు సాన పట్టేవారు తరతరాలుగా సైకిలును నడిచే దుకాణంగా వాడారు. మోపెడ్లు, మోటారు సైకిళ్ళు వచ్చిన తరువాత వీరిలో చాలామంది వాటికి మారారు. కొనుగోలుకు, పెట్రోలుకు డబ్బు పెట్టలేనివారికి సైకిలే మిగిలింది.

చట్టాలు, ఆంక్షలు

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సైకిలుకు రిజిస్ట్రేషను, లైసెన్సు అవసరం లేదు. 250 వాట్లకు లోపు శక్తితో, గంటకు 25 కిలోమీటర్లకు లోపు వేగంతో నడిచే విద్యుత్ సైకిలుకు కూడా, నిర్దేశించిన షరతులకు లోబడి, ఇదే మినహాయింపు ఉన్నది. 2014లో వచ్చిన వీధి వర్తకుల చట్టం తిరుగుతూ అమ్మేవారిని కూడా వీధి వర్తకులుగా గుర్తించింది.

అయినప్పటికీ నగరాలలో ఆంక్షలు తప్పలేదు. కోల్‌కతాలో 2013లో 174 రహదారులపై సైకిళ్ళను, ఇతర నెమ్మది వాహనాలను నిషేధించారు. పాలవారు, పత్రికలు వేసేవారు, చిల్లర వర్తకులు దీనివలన నష్టపోయారు. నిరసనల తరువాత ఈ సంఖ్యను 62కు తగ్గించారు. ఢిల్లీలో సైకిల్ రిక్షాల సంఖ్యపై విధించిన పరిమితిని 2010లో హైకోర్టు కొట్టివేసింది. రహదారిపై మోటారు లేని వాహనాలకు కూడా హక్కు ఉన్నదన్న వాదానికి ఈ తీర్పు బలమిచ్చింది.

ప్రస్తుత పరిస్థితి

ఐరోపా నగరాలలో సరుకు సైకిళ్ళు తిరిగి ఆదరణ పొందాయి. కోపెన్‌హాగన్‌లో 1984లో రూపొందిన క్రిస్టియానియా మూడు చక్రాల సైకిలు పిల్లలను, సరుకులను తీసుకువెళ్ళడానికి ప్రసిద్ధి చెందింది. పార్సిళ్ళ బట్వాడాకు విద్యుత్ సహాయం గల సైకిళ్ళను వాడుతున్నారు. ఢిల్లీ ప్రభుత్వం కూడా 2022లో సరుకు మోసే విద్యుత్ సైకిళ్ళకు రాయితీ ప్రకటించింది.

2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం మోటారు లేని వాహనాలకు ప్రాధాన్యం ఇవ్వాలని సూచించింది. హైదరాబాదులో 2023లో ఔటర్ రింగు రోడ్డు వెంబడి సౌరఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు మార్గం ప్రారంభమైంది. అది నగర శివార్లలో ఉన్నందున వ్యాయామానికి, విహారానికి అనుకూలం. బేగంబజారు వంటి టోకు మార్కెట్ల నుండి సరుకు తీసుకువెళ్ళే సైకిళ్ళు మాత్రం బస్సులు, లారీలతో పాటు ఒకే రోడ్డుపై నడవవలసి ఉంటుంది.